అమ్మ వక్కపొడి, నా కోల్డ్ టర్కీ

ముందే చెప్పేస్తున్నాను, నేను బాగానే ఉన్నాను. చివరిదాకా ఉత్కంఠ నిలబెట్టే ఓపిక నాకు లేదు. వక్క నమిలే అలవాటున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, చదవడం అయ్యేదాకా ఆ చెయ్యి జేబులోనే ఉంచుకోండి. అంతకన్నా పెద్ద సలహా నా దగ్గర లేదు. మిగతాదంతా ఆ చెయ్యి జేబులో ఉన్నంతసేపు కాలక్షేపం.

నా పని మాట్లాడటం. పెళ్ళిళ్ళలో, ఓణీల ఫంక్షన్లలో మైకు పట్టుకుంటాను. వచ్చినవాళ్ళను భోజనాలకు పిలవడం దగ్గర్నుంచి, పెళ్ళికొడుకు మేనమామ చేత స్టేజి మీద డాన్సు చేయించడం దాకా నాదే బాధ్యత. రామచంద్రపురం దగ్గర మా ఊరు. ఇంట్లో ముగ్గురం. నాన్నగారు వరి, కొబ్బరి పండిస్తారు. అమ్మ మా ఇద్దరినీ పండిస్తుంది. నేను నోటితో బతుకుతాను. ఆ నోరు మూసుకుపోవడం మొదలుపెట్టిన సంగతే ఇది.

మే నెల, ఆవకాయ రోజులు

కొత్తావకాయ కలిపిన రోజు మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. జాడీలోకి ఎత్తేశాక, బేసినుకి అంటుకుని మిగిలిన దాంట్లో వేడి అన్నం వేసి కలిపి అమ్మ ముద్దలు పెడుతుంది. ఆ మధ్యాహ్నం పెరట్లో ఎండ నీళ్ళలా కదులుతోంది. కొబ్బరాకుల నీడలు అరుగు మీద ఈదుతున్నాయి. నేను సగం నిద్రలో చెయ్యి చాపాను. ముద్ద నోట్లో పడ్డాక ఆ సగం నిద్రా పోయింది.

కారం మంట నాకు తెలుసు. నాలుక మీద మొదలై కళ్ళలోంచి బయటికి పోతుంది. ఇది అలా పోలేదు. బుగ్గల లోపల చాప పరుచుకుని కూర్చుంది.

"కారం ఎక్కువేశావే అమ్మా," అన్నాను.

అమ్మ చెయ్యి ఆగింది. "ఎప్పుడూ వేసేదేరా."

నాన్నగారు ఒక ముద్ద తిని తీర్పు చెప్పారు. "కారం సరిపోయింది. వీడికే ఏదో తేడా చేసింది."

ఆ తీర్పు సరైనదని తేలడానికి రెండు నెలలు పట్టింది. ఈలోగా అమ్మ రోజుకో మిరపకాయ చొప్పున తగ్గించుకుంటూ వచ్చింది. చారు చప్పబడింది, పులుసు చప్పబడింది. మేం ఆసుపత్రికి వెళ్ళకముందే ఆసుపత్రి భోజనం మా ఇంటికి వచ్చేసింది. నాన్నగారు కంచం ముందు కూర్చుని, పోయినవాళ్ళని తలుచుకున్నట్టు పాత వంటల్ని తలుచుకునేవారు.

ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి అన్నగారు ముచ్చటపడి, స్టేజి మీద అందరి ముందూ నా నోట్లో లడ్డూ పెట్టబోయాడు. లడ్డూ పట్టలేదు. నేను నటిస్తున్నాననుకుని జనం నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు కూడా సగమే తెరుచుకుంది.

ఆషాఢం

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. జబ్బు సంగతి చూసుకోవడానికి నా వృత్తిలో ఉన్నవాడికి అంతకన్నా మంచి నెల లేదు. అమ్మా నేనూ బస్సెక్కి రాజమండ్రి వెళ్ళాం. కడియం దగ్గర నర్సరీలు వానలో తడుస్తున్నాయి. కిటికీ అద్దం మీద నీళ్ళ వెనకాల ఆ పూలన్నీ కరిగిన రంగుల్లా వెనక్కి జారిపోతుంటే, మనం ఎక్కడికీ వెళ్ళడం లేదు, ఊరికే రంగుల్లోంచి పోతున్నాం అనిపించింది. స్టాండు రాగానే కండక్టరు ఆ భ్రమ పోగొట్టాడు.

నోటి డాక్టరు దగ్గర వెయిటింగ్ హాల్లో మాట తక్కువ. అందరూ మొహానికి రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చుంటారు. మా పక్కన ఒక పెద్దాయన, అమ్మకు చెమటలు పడుతున్నాయని లేచి, ఫ్యాను కింద తన కుర్చీ ఆవిడకిచ్చాడు. థాంక్సండి అంటే తల ఊపాడు. ఆయన కూడా నోరు తెరవలేడని తర్వాత అర్థమైంది.

డాక్టరమ్మగారికి నాకన్నా కాస్త పెద్ద వయసుంటుందేమో. అమ్మను బయటే ఉంచి నన్ను లోపలికి పిలిచారు.

"నోరు తెరవండి," అన్నారు.

"తెరిచే ఉందండి."

నేను హాస్యమాడుతున్నానని ఆవిడ ఒక్క క్షణం అనుకున్నారు. జీవితంలో మొదటిసారి ఆడటం లేదు. మామూలుగా నిలువునా మూడు వేళ్ళు పట్టాలట. నాకు రెండు పట్టాయి.

"ఏం వేసుకుంటారు?"

"పొగాకు కలిపిన వక్కండి. ప్యాకెట్లు."

"ఎప్పుడెప్పుడు?"

"మాట్లాడనప్పుడల్లా అండి."

"లోపల బుగ్గలు గట్టిపడిపోతున్నాయి. వక్క జోలికి వెళ్ళొద్దు. ఇవాళే మానెయ్యాలి," అన్నారు. ఐసుపుల్లల్లాంటి చెక్కపుల్లల కట్ట ఒకటిచ్చి, పళ్ళ మధ్య పెట్టుకుని రోజూ నోరు సాగదీయమన్నారు. అప్పటికి నా నోట్లో పట్టినవి పద్నాలుగు.

బయటికొచ్చి అమ్మకు చెప్పాను. "ప్యాకెట్లు మానెయ్యమన్నారే." డాక్టరమ్మగారు అన్నది వక్క. నేను చెప్పింది ప్యాకెట్లు. అబద్ధమాడలేదు, నిజంగానే నా చెవికి అలాగే వినిపించింది. తనకు అనుకూలంగా వినడంలో అలవాటుకున్న తెలివి మనిషికి ఉండదు.

ఇంటికొచ్చాక మానడానికి మంచిరోజు కావలసివచ్చింది.

"ఆషాఢంలో ఏదీ మొదలుపెట్టకూడదురా," అంది అమ్మ.

"ఇది మొదలుపెట్టడం కాదే, ఆపడం."

"ఆపడం మొదలుపెడతావుగా."

నాన్నగారు క్యాలెండరు చూసి తొలి ఏకాదశి ఖాయం చేశారు. దానికి ఎనిమిది రోజులుంది. ఆ ఎనిమిది రోజులూ వీడ్కోలు పేరుతో మామూలుకన్నా ఎక్కువ నమిలాను. మంచిరోజు దాకా ఆగడంలో ఉన్న సుఖం ఇదే, అందాకా చేసేదంతా సెలవు తీసుకోవడం కిందికి వస్తుంది.

ఏకాదశి నాడు ప్యాకెట్లు మానేశాను. నిజంగానే మానేశాను. నా నోరు ఖాళీగా ఉండటం చూసి అమ్మ తట్టుకోలేకపోయింది. వక్కలు నేతిలో వేయించి, ఎండుకొబ్బరి, సోంపు, యాలకులు, పటికబెల్లం వేసి రోట్లో దంచింది. బయట చూరు నీళ్ళ చప్పుడు, లోపల రోకలి చప్పుడు, వేగిన వక్క వాసన. అరుగు మీద పడుకుంటే ఆ రెండు చప్పుళ్ళ మధ్యలో కాలం ఉయ్యాలలా ఊగేది. స్టీలు డబ్బా నిండా పోసి నా చేతికిచ్చింది.

"ఆ పాడువి మానెయ్. నోరూరితే ఇది వేసుకో."

పొగాకు లేదు కాబట్టి దోషం లేదని మా ఇంటి శాస్త్రం. దేవుడి ముందు ఆకుల మీద పెట్టేది, పేరంటాళ్ళ చేతిలో పెట్టేది, పెళ్ళికి పిలవడానికి వచ్చినవాళ్ళు ఇచ్చేది. అది చెడ్డదని ఎవరికి తోస్తుంది? భోంచేసి చిటికెడు, మంచినీళ్ళు తాగి చిటికెడు, ఏమీ తోచక చిటికెడు. డబ్బా అయిపోయేలోగా అమ్మ మళ్ళీ దంచేది. నేను అలవాటు మానేశానని ఊరంతా మెచ్చుకున్నారు.

శ్రావణం వస్తుందనగా

రెండోసారి ముగ్గురం వెళ్ళాం. కొడుకు ప్రయోజకుడయ్యాడు, డాక్టరుగారి నోట ఆ మాట విందామని నాన్నగారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు.

వేళ్ళు ఒకటిన్నర పట్టాయి. పుల్లలు పదకొండు.

డాక్టరమ్మగారు నా మొహంలోకి చూశారు. "మానలేదా?"

"ఏకాదశి నుంచి ముట్టుకోలేదండి," అన్నారు నాన్నగారు. "కావాలంటే ఊళ్ళో ఎవర్నైనా అడగండి."

"మరి ఇప్పుడు నోట్లో ఏంటి?"

గర్వంగా జేబులోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాను. "ఇదాండి? ఇది మా అమ్మ చేసిందండి. ఇంట్లో వక్కపొడి."

ఆవిడ మూత తీసి చూశారు, మళ్ళీ పెట్టేశారు. తర్వాత నెమ్మదిగా, పొగాకు చేసే చేటు పొగాకు చేస్తుంది కానీ బుగ్గలు బిగించేది మాత్రం వక్కేనని, అది ఏ రూపంలో వెళ్ళినా ఒకటేనని చెప్పారు. ఎడమ బుగ్గలో తెల్లమచ్చ ఒకటి కనిపిస్తోందని, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలన్నారు.

అమ్మ గొంతు చాలా చిన్నగా వచ్చింది. "నా చేత్తో చేశానండి."

"చేతిలో తప్పేం లేదమ్మా. వక్కలోనే ఉంది."

అంతమంది రోగులు బయట ఉండగా, ఆ ఒక్క మాటకు ఆవిడ కుర్చీ అమ్మ వైపు తిప్పుకున్నారు. అది నేను మరిచిపోను.

తర్వాత నాతో అన్నారు. "ఇక తగ్గించడాలు, బదులు వేసుకోవడాలు, మంచిరోజులు ఏమీ లేవండి. కోల్డ్ టర్కీ."

"అదేంటండి?" అన్నారు నాన్నగారు.

"ఉన్నపళంగా ఆపెయ్యడమండి. ఇప్పుడు, ఈ కుర్చీలో."

నాన్నగారికి ఆ మాట బాగా నచ్చింది. "ఆయ్, అయితే నా బీపీ మాత్రలు కూడా అలాగే ఆపెయ్యొచ్చా అండి?"

"వద్దండి. మందులు ఎప్పుడూ అలా ఆపకూడదు. రోజూ గట్టిగా తాగేవాళ్ళు కూడా డాక్టరుకి చెప్పకుండా అలా ఆపకూడదు, ప్రమాదం. ఇది మీ అబ్బాయికి, ఈ డబ్బాకి."

నాన్నగారు నిరాశపడ్డారు. డాక్టరమ్మగారు నా బుగ్గలో ముక్క తీశారు. రిపోర్టుకి వారం.

ఆ వారం

వారం రోజుల్లో చెయ్యడానికి ఏమీ లేదు కాబట్టి ఆ ఇంగ్లీషు మాట గురించి ఫోనులో చదివాను. ఉన్నపళంగా మానేసినవాడికి చలి పుట్టి, ఒళ్ళు గగుర్పొడిచి, చర్మం ఈకలు పీకి చల్లబెట్టిన టర్కీ కోడి చర్మంలా అవుతుందని, అందుకే ఆ పేరని కొందరన్నారు. వండి వార్చే తతంగం లేకుండా చల్లటి మాంసం తెచ్చి ముందు పెట్టినట్టు, ఏ ఏర్పాటూ లేకుండా మానడమని ఇంకొందరన్నారు. ఏది నిజమో వాళ్ళకే తెలియదట. వాడుక మాత్రం ఖచ్చితం. మనం ఒక అలవాటుని పట్టుకుని ఉండాలి, అది మనల్ని తిరిగి పట్టుకుని ఉండాలి, ఆ చెయ్యి ఒక్కసారిగా విదిలించాలి. అప్పుడే 'గో కోల్డ్ టర్కీ' అనాలి. కొంచెం కొంచెంగా తగ్గించుకునేవాడికి ఆ గౌరవం దక్కదు. మా నాన్నగారు ఈ నియమాలేవీ పట్టించుకోలేదు. ఫ్యాను ఆగితే, "కరెంటు కోల్డ్ టర్కీ వెళ్ళిందే," అన్నారు.

మనకూ మానడాలున్నాయి. కాశీలో ఇష్టమైనదొకటి వదిలిపెట్టి వస్తారు. మా పెద్దత్తయ్య కాకరకాయ వదిలింది. అంతకుముందు కూడా ఆవిడ దాన్ని తినేది కాదు. మన దగ్గర మానడానికి ముహూర్తం ఉంది, ప్రయాణం ఉంది, చూడ్డానికి వచ్చే బంధువులున్నారు. ఆ కోడి దగ్గర ఏమీ లేదు. చల్లగా వచ్చి ముందు కూర్చుంటుంది.

అది మూడో రోజుకి నిజంగానే వచ్చి కూర్చుంది. తల ఎవరో తాడుతో బిగించినట్టు నొప్పి. ఎవరు పలకరించినా చిరాకు, ఆ వెంటనే నిద్ర. మధ్యాహ్నాలు హాల్లో చాప మీద పడుకుంటే మెలకువకీ నిద్రకీ మధ్య గట్టు తెగిపోయేది. పంటకాలవ ఇంట్లోకి వచ్చేది, నెమ్మదిగా, పైన కొబ్బరిపూత తేలుతూ. ఆ నీళ్ళ మీదే ఒక పెళ్ళి పందిరి. జనం నాడెం పడవలో కూర్చున్నట్టు వరసగా కూర్చుని ఊగుతున్నారు. స్టేజి మీద వరుడి కుర్చీలో టర్కీ కోడి. నేను పరిచయం చెయ్యాలి. నోరు తెరవబోతే తలుపులాగా గడియ పడి ఉంది. అందరూ ఎదురుచూస్తున్నారు, ఎవరికీ తొందర లేదు. నీళ్ళు మాత్రం పెరుగుతున్నాయి. లేచేసరికి వాన. చాప కింద చెమట. కాలవ ఎక్కడిది అక్కడే ఉంది, ఇంటికి అరమైలు దూరంలో.

మొదటి మూడు రోజులూ అమ్మ నాతో మాట్లాడలేదు. అలగలేదు. అన్నం పెట్టింది, మజ్జిగ ఇచ్చింది, పుల్లలు కడిగి ఆరబెట్టింది. మాట మాత్రం లేదు. రోలు కనపడకుండా గోనె కప్పేసింది. మచ్చ గురించి నాకు భయంగానే ఉంది, ఆ భయం పేరు క్యాన్సరని ముగ్గురికీ తెలుసు, ఎవరూ అనలేదు. దానికన్నా ఈ నిశ్శబ్దం ఎక్కువ భయపెట్టింది. కలలోకి వచ్చిన కోడి సంగతితో సహా జోకులు వేశాను. ఒక్కటీ పండలేదు. నాన్నగారు జాలిపడి ఒక దానికి నవ్వారు.

నాలుగో రోజు మధ్యాహ్నం నేను చాప మీద ఒక పక్కకి పడుకుని ఉంటే, అమ్మ వచ్చి హాలుకి రెండో పక్క కొంగు పరుచుకుని పడుకుంది. పగలు పడుకునే మనిషి కాదు. నుదుటికి గుడ్డ కట్టుకుంది.

"నీకేమైందే?"

"తలనొప్పి."

"ఎప్పట్నుంచి?"

పైకప్పుతో చెప్పినట్టు చెప్పింది. "నీతోపాటే మానేశాను."

అప్పుడు గుర్తొచ్చింది. భోజనం కాగానే అమ్మ కూడా చిటికెడు వేసుకునేది, నేను పుట్టకముందు నుంచి. అది అలవాటని మా ఇంట్లో ఎవరం అనుకోలేదు. అమ్మ అంటే ఆ వాసనే అనుకున్నాం.

"ముప్పై ఏళ్ళది మూడు రోజుల్లో పోతుందేంటే?"

"ఏమో. ఆవిడ ఒక్కసారిగా అన్నారుగా." గుడ్డ సవరించుకుని, "నాకూ కోడి కనపడిందిరా," అంది.

"నిజంగానా? ఏమంది?"

"ఏమీ అనలేదు. చారులో కారం లేదని లేచెళ్ళిపోయింది."

నవ్వితే బుగ్గలో కుట్టు లాగింది. అమ్మ కూడా నవ్వుతూ, గుడ్డ కళ్ళ మీదికి లాక్కుంది. ఆ తర్వాత నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నాన్నగారు గుమ్మంలోకి వచ్చి, రెండు వైపులా పడున్న మమ్మల్ని చూసి, ఎటు దాటాలో తెలియక కాసేపు నిలబడి, వెనక్కి వెళ్ళి తనే టీ పెట్టారు. చాలా ఘోరంగా ఉంది. ఇద్దరం తాగాం.

రిపోర్టు వచ్చిన రోజు నాన్నగారు ఇస్త్రీ చొక్కా వేసుకోలేదు. డాక్టరమ్మగారు కాగితం చదివి తలెత్తి, "ఇంకా అటు వెళ్ళలేదండి," అన్నారు. "ఇలాగే నములుతూ ఉంటే వెళ్ళేది. మళ్ళీ మొదలుపెడితే ఇప్పటికీ వెళ్తుంది." బుగ్గల్లో సూదులు వెయ్యాలని, పుల్లలు ఆపకూడదని, మునుపటంత నోరు మాత్రం మళ్ళీ రాకపోవచ్చని కూడా చెప్పారు. ఆ చివరి మాట మేం బస్సెక్కాక వినిపించింది.

ఆ సూదుల గురించి రాయను. చెంపలో సూది ఎలా ఉంటుందో ఊహించుకోండి, అలాగే ఉంటుంది. పుల్లలు మాత్రం విరిగిపోతూ ఉండేవి. అందుకని నాన్నగారు సాయంత్రాలు బండి దగ్గర పుల్ల ఐసు కొని, తీపి వద్దన్న ఒంటితో, కేవలం నా పుల్ల కోసమని త్యాగభావంతో తినేవారు. ఒక్కోరోజు నాకు రెండు పుల్లలు అవసరమయ్యాయని ఆయనే నిర్ణయించేవారు.

శ్రావణం

నిడదవోలులో పెళ్ళి. నేను మైకు దగ్గరగా పెట్టుకుని, తక్కువ నోటితో ఎక్కువ మాట్లాడటం నేర్చుకున్నాను. గడిచిపోయింది. భోజనాలయ్యాక పెళ్ళికూతురి తాతగారు వెండి పళ్ళెంలో తాంబూలాలు పట్టుకుని స్వయంగా వచ్చారు. మా వైపు తాంబూలం తీసుకోకపోతే అన్నం తిననట్టే లెక్క, పెట్టినవాళ్ళను కాదన్నట్టే లెక్క. నేను రెండు చేతులతో తీసుకుని కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకోబోయాను.

"జేబులోకి కాదు బాబూ, నోట్లో వేసుకో. మా ఇంటి వక్క, నేనే కత్తిరించాను."

పక్కన పదిమంది చూస్తున్నారు. తమలపాకు చల్లగా అరచేతిలో ఉంది. లోపల వక్క ముక్కలు. వాసన ముక్కుదాకా వచ్చి, ఎక్కడికి తీసుకెళ్ళాలో తెలిసినట్టు నన్ను మా అరుగు మీదికి, రోకలి చప్పుడులోకి తీసుకెళ్ళింది. ఒక్కటి. పెద్దాయన మాట కోసం ఒక్కటి. ఈ ఒక్కటి కోసం ఎంత మర్యాదైన కారణం దొరికిందా అని నాకే ముచ్చటేసింది.

ఒక జోకు కోసం వెతికాను. దొరకలేదు. "నోరు పాడైందండి," అన్నాను. "వక్క వల్లే. తింటే పోతానన్నారు."

కాస్త పెంచే చెప్పాను. పక్కనున్నవాళ్ళు నేల చూపులు చూశారు. పెద్దాయన నా నోటి వంక చూసి, ఆకు మెల్లగా నా చేతిలోంచి తీసేసుకున్నారు. పళ్ళెం పట్టుకుని వెళ్ళిపోయారు. సంభావన పోయిందనే అనుకున్నాను. కాసేపటికి అదే పళ్ళెంలో గిన్నెడు పెరుగన్నం పెట్టుకుని తిరిగొచ్చారు.

"ఇందాక పంక్తిలో నువ్వేం తినలేదు, చూశాను. కారం తగిలించలేదు. మెత్తగా కలిపించాను. తిను."

అది తింటున్నంతసేపు ఆయన పక్కనే నిలబడ్డారు. తన ఆకు కూడా నోట్లో వేసుకోలేదు.

కార్తీకం

మొన్న చూపించుకుంటే పద్దెనిమిది పుల్లలు పట్టాయి. డాక్టరమ్మగారు అమ్మ నోరు కూడా చూశారు. అమ్మకు మచ్చల్లేవు, గట్టితనం కొంచెం ఉంది, ఆపింది కాబట్టి ఆగుతుందన్నారు. అమ్మ ఈ సంగతి పరీక్షలో ఫస్టు వచ్చినట్టు ఫోనులో మా పెద్దత్తయ్యకు చెప్పింది.

తిరుగు బస్సులో మధ్యాహ్నపు ఎండ పలచగా ఉంది. కడియం పూలమొక్కల మీదుగా మంచు విడిపోయాక మిగిలే తెల్లటి వెలుతురు. బస్సు ఊగుతోంది. అమ్మ కిటికీకి తలానించి కళ్ళు మూసుకుంది. నాకు ఆవులింత వచ్చింది.

ఆరు నెలలుగా ఆవులింత వస్తే సగంలో దవడ పట్టేసేది, ముక్కుతో ముగించేవాణ్ణి. ఈసారి అది మొదలై, ఇక్కడ ఆగుతుందిలే అనుకున్న చోటు దాటి, ఇంకా కొంచెం పైకి వెళ్ళింది. చెవుల వెనక ఏదో వదులైంది. పూర్తిది కాదు, మీరు వేసే ఆవులింతలో ముప్పావు వంతు ఉంటుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆవులింతకు ఎవరికైనా తిరుగుతాయి.

అమ్మ కళ్ళు తెరవలేదు. చెయ్యి ఒక్కటే లేచి, నేను పసివాణ్ణయినట్టు, నా నోటి ముందు చిటికె వేసింది. ఆవులింత ఇంకా అవలేదు. ఇంకో చిటికె వేసింది.